ఎర్రసిరా చుక్క

ప్రెస్సు, మేడమీద ప్రూఫుల గది
జూన్ 9

లీడరమ్మ అక్కకి,

ఈ పేరుతో నిన్ను పిలిచి ఎన్నేళ్ళయిందో. హాస్టల్లో నువ్వు ఈల ఊదితే నూట పది మందిమి వరసలో నిలబడేవాళ్ళం. ఇప్పుడూ అదే పని చేస్తున్నావని, కాకపోతే దానికి జీతం ఇస్తున్నారని పెద్దమ్మ మొన్న అమ్మతో అంది.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు మీటింగులో ఉన్నట్టే మాట్లాడతావు. "చెప్పు, వింటున్నా, ఇంకా?" అంటావు. ఆ "ఇంకా" వినగానే చెప్పాల్సింది మర్చిపోతాను. కాగితం మీదైతే నాకు ఎవరన్నా భయం లేదు. ఆదివారాలు హాస్టల్ నడిపే సిస్టర్ ఎదురుగా కూర్చుని ఇంటికి ఉత్తరాలు రాసిన చేతులు కదా మనవి.

విషయానికి వస్తాను. ఈ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టి ఆరేళ్ళు. ఈ గది నాకు ఇష్టం. కిటికీ పక్కన బల్ల, గ్లాసులో నాలుగు ఎర్ర పెన్నులు, మధ్యాహ్నం దాకా పలకరించేవాళ్ళు ఉండరు. తప్పు దొరికితే ఒక చిన్న సంతోషం, దొరకకపోతే అనుమానం. రోజు గడిచిపోతుంది. కానీ ఈ ఏడు కూడా జీతం పెంచలేనని ఓనరుగారు చెప్పారు. చెడ్డమనిషి కాదు. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేక గోడ మీది క్యాలెండరుతో మాట్లాడారు.

ఇంట్లో నాన్న ఊరుకోవడం లేదు. "ఒకళ్ళు రాస్తారు, ఒకళ్ళు అచ్చేస్తారు, మధ్యలో నువ్వెందుకమ్మా?" అంటారు. జవాబు నాకు తెలుసు. నోటితో చెప్పడం రాదు.

అందుకని అడుగుతున్నాను. ప్రాజెక్టు మేనేజరంటే ఏం చేస్తారు? ఎంత వస్తుంది? కంప్యూటరు చదువు లేని నాలాంటిది అందులో చేరగలదా? చేరితే పదేళ్ళ తర్వాత ఏమవుతుంది? ఉన్నదున్నట్టు చెప్పు. నాకు ముప్పై నిండాయి. ఈ బల్ల వదిలితే మళ్ళీ దొరకదు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ
దీర్ఘం

(పొడుగ్గా ఉన్నానని నువ్వు పెట్టిన పేరే. నాన్న తప్ప ఇంట్లో అందరూ ఇప్పటికీ ఇలాగే పిలుస్తారు.)


ఆఫీసు, నాలుగో అంతస్తు
జూలై 2

దీర్ఘానికి,

నీ ఉత్తరం రిసెప్షన్ అమ్మాయి రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చింది. ఇక్కడికి కాగితం మీద వచ్చేవి లాయరు నోటీసులే. భోజనాల వేళ మీటింగు గదిలో కూర్చుని రాస్తున్నాను. గోడలు అద్దాలు కాబట్టి బయటివాళ్ళకి ఏదో ప్లాను గీస్తున్నట్టు కనిపిస్తాను.

ప్రాజెక్టు మేనేజరంటే ఏం చేస్తారు అన్నావు. నేను ఒక్క లైను ప్రోగ్రాము రాయను. రాసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఎప్పటికవుతుంది?" అంటాను. వాళ్ళు శుక్రవారం అంటారు. పైవాళ్ళు నన్ను "ఎప్పటికవుతుంది?" అంటారు. నేను గురువారం అంటాను. ఆ ఒక్కరోజు తేడాని మోసే పనికే జీతం. నవ్వుతున్నావేమో, చాలా భాద్యత ఉన్న పని.

మెట్లు ఇవి. మొదట కోఆర్డినేటర్. అందరి దగ్గరా పని ఎంతవరకు వచ్చిందో అడిగి రిపోర్టు నింపాలి. రెండు మూడేళ్ళు చేసి, ఒక సర్టిఫికెట్ పరీక్ష రాస్తే మేనేజరు. ఆ పైన సీనియర్. ఆ పైన ఇంకా పెద్ద పేర్లు ఉన్నాయి, వాళ్ళ ముఖాలు మేము తెర మీదే చూస్తాం. కోఆర్డినేటర్‌గా చేరితేనే నీ ప్రెస్సు జీతానికి మూడింతలు. నా మెట్టు దగ్గర, నీకు ఏడాదికి వచ్చేది నాకు నెలకి వస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, అడిగావు కాబట్టి చెప్పాను.

కంప్యూటరు చదువు అక్కర్లేదు. తేదీలు గుర్తుపెట్టుకోవాలి, పద్ధతిగా రాయాలి, ఎక్కడ తేడా వచ్చిందో కనిపెట్టాలి. అవి నీకు పుట్టుకతో వచ్చాయి.

మీ ఊళ్ళో మా బ్రాంచి ఉంది. అక్కడ ఒక కోఆర్డినేటర్ ఖాళీ ఉంది. పని చేసేది అక్కడ, లెక్కకి మాత్రం నా టీములో. నేను ఖచ్చితంగా ఇప్పించగలను. సెప్టెంబరు ముప్పైలోగా చేరాలి. ఈ ఉద్యోగంలో నీకు మంచి భవిష్యత్తు ఉంటుంది

మీ బావ బాగున్నారు. పాత ఉద్యోగం పోయాక కన్సల్టెంట్ అయ్యారు. అంటే పొద్దున లాప్‌టాప్ తెరుస్తారు, సాయంత్రం మూస్తారు. మధ్యలో ఎవరూ ఏమీ అడగరు. పిన్నికి ఈ ముక్క చెప్పకు.

ఆలస్యం చేయకు.

అక్క


ప్రెస్సు
జూలై 11

అక్కకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నీకోసం, రెండోసారి జీతం కోసం. మూడోసారి నాకు తెలియకుండానే చేతిలోకి ఎర్ర పెన్ను వచ్చింది. కోపం తెచ్చుకోకు, ఇది జబ్బులాంటిది. బస్సు టికెట్టు కూడా దిద్దుతాను.

నీవి మూడే తప్పులు. "భాద్యత" కాదు, "బాధ్యత". వత్తు రెండో అక్షరానికి. "ఖచ్చితంగా" కూడా కాదు, "కచ్చితంగా". వత్తు తీసేసినా అంతే కచ్చితంగా ఉంటుంది. బావగారి పేరాకి ముందు, "మంచి భవిష్యత్తు ఉంటుంది" దగ్గర ఫుల్‌స్టాప్ మర్చిపోయావు. పెట్టేశాను. ఇప్పుడు నీ ఉత్తరం అచ్చుకి సిద్ధం.

నాలుగోసారి చదివి భయపడ్డాను. మూడింతల జీతం అన్నావు. నాన్నకి చెబితే ఈ పూటే ప్రెస్సుకి వచ్చి నా సంచీ సర్దేస్తారు. అందుకని చెప్పలేదు. ఓనరుగారిని మాత్రం మాటవరసకి అడిగాను. "వెళ్ళి, నచ్చకపోతే తిరిగొస్తానంటే కుదరదమ్మా. రిటైరైన మాస్టారు ఒకాయన ఈ బల్ల కోసం ఏడాదిగా అడుగుతున్నారు," అన్నారు. ఈసారి నా మొహం చూసే అన్నారు.

నాకు ధైర్యం తక్కువని నీకు తెలుసు. పదిమందిలో నోరు విప్పలేను. ఎవరి దగ్గరికైనా వెళ్ళి "ఎప్పటికవుతుంది?" అనగలనా? అయినా నువ్వు చెబితే చేస్తాను. ఒక్క మాట రాయి. వదిలెయ్యమంటావా, వద్దంటావా?

దీర్ఘం


ఆఫీసు
ఆగస్టు 3

దీర్ఘానికి,

దిద్దినందుకు థాంక్స్. బాధ్యత. ఇప్పుడు సరిగ్గా రాశానా?

ఫారం పంపాను, నింపి పంపించు. ఇంటర్వ్యూ పేరుకే ఉంటుంది. "ఒత్తిడిలో పనిచేయగలరా?" అని అడుగుతారు, అవునను. సెప్టెంబరు ముప్పై దాటితే నేనేం చేయలేను, ఆ రోజే లెక్క తీస్తారు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వదిలెయ్యి.

అక్క


బ్రాంచి ఆఫీసు, రెండో అంతస్తు, కిటికీ లేని వరస
అక్టోబరు 20

అక్కకి,

చేరి మూడు వారాలయింది. ఆఫీసు మెయిల్లో సొంత సంగతులు రాయకూడదన్నావు కాబట్టి మళ్ళీ కాగితమే. అనుకున్నంత భయంగా లేదు. ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. పక్క కుర్చీ మనిషిని కూడా తెర మీదే అడగాలట. నాలాంటి వాళ్ళకోసమే కట్టినట్టుంది ఈ ఆఫీసు.

ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. ఇక్కడ మనుషుల్ని రిసోర్సులంటారు. మొదటి వారం ఒకాయన "రెండు రిసోర్సులు సెలవులో ఉన్నాయి" అని రాశాడు. నేను "ఇద్దరు సెలవులో ఉన్నారు" అని దిద్దాను. వెనక్కి పంపాడు, "ఉన్నాయి" అనే ఉంచమని. నేను ఉంచాను. ఆ రోజు ఇంటికొచ్చాక చేతులు కడుక్కున్నాను, ఎందుకో.

నా పక్క కుర్చీలో టెస్టరమ్మ కూర్చుంటుంది. మనం బస్సుల కంపెనీకి చేస్తున్న టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఆవిడ పని. యాభై దగ్గరపడిన మనిషి, బాగా నవ్విస్తుంది. మొదటిరోజు నన్ను పైనుంచి కిందకి చూసి, "నువ్వేనా ఎనిమిదో మనిషివి?" అంది.

"ఎనిమిదో ఏంటండీ?" అన్నాను.

"ఏం లేదులే, కూర్చో. వచ్చావు, అదే పదివేలు. నీకోసం అందరం కళ్ళలో ఒత్తులేసుకుని చూశాం."

నాకోసం ఒకరు ఎదురుచూడటం ఎప్పుడూ లేదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ మాట నీకు చెప్పాలని దాచుకున్నాను.

జీతం అంకె వేసిన అపాయింట్‌మెంటు లెటరు నాన్నకి ఇచ్చాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. అచ్చం ప్రూఫు చూసినట్టు. తర్వాత అమ్మతో, "నా కూతురు మేనేజర్ల లైన్లో ఉంది," అన్నారు. ఈయన నన్ను "నా కూతురు" అనడం పదో తరగతి రిజల్టు తర్వాత ఇదే. థాంక్స్ అక్కా.

ఒక సందేహం. టెస్టరమ్మ నిన్న చూపించింది, మన సాఫ్ట్‌వేర్ ఒకే సీటుని ఇద్దరికి అమ్ముతోంది. వారం రిపోర్టులో రంగు పెట్టాలి కదా. బాగుంటే పచ్చ, అనుమానమైతే పసుపు, పాడైతే ఎరుపు. నేను ఎరుపు పెట్టాలనుకుంటున్నాను. సరేనా?

దీర్ఘం


ఆఫీసు, నాలుగో అంతస్తు
నవంబరు 8

దీర్ఘానికి,

ఎరుపు పెట్టకు. ఎప్పుడూ పెట్టకు. ఈ వారం నీ రంగు నేనే మార్చాను, ఇకనుంచి నువ్వే చూసుకో. పచ్చ అంటే బాగుందని కాదు, ఇంకా ఎవరూ అడగలేదని. ఎరుపు పెడితే ఆ ఒక్క సీటు గురించి పదకొండు మందితో మీటింగు పెడతారు. ఎవరూ తప్పు దిద్దరు, ఎవరిదో తేలుస్తారు. మేనేజరుదని తేలుతుంది.

జూన్‌లో పదేళ్ళ తర్వాత ఏమవుతుందని అడిగావు. నేను జవాబు రాయలేదని నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు రాస్తాను. పద్నాలుగేళ్ళయింది నాకు. ఈ జీతం పెరిగినకొద్దీ మనిషి మీద ధర చీటీలా అంటుకుంటుంది. గత నెల బయట ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు చిన్నవాడు అడిగాడు.

"మీరు స్వయంగా ఏం తయారుచేశారండీ?"

"టీములు నడిపానండీ."

"అది సరే. మీరు స్వయంగా?"

నా చేత్తో తయారుచేసినవి రిపోర్టులు. వాటిని ఇప్పుడు మీటింగు విని దానంతట అదే రాసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మా ఫ్లోరులో నెల రోజులుగా వాడుతున్నారు. అది రాసిన రిపోర్టులో నా పేరు పక్కన "ఈమె రెండుసార్లు సరే అన్నారు" అని ఉంది. గంటన్నర మీటింగులో నేను చేసింది అదే మరి.

సగం జీతానికి రమ్మన్నారు అక్కడ. ఇంట్లో ఇద్దరం ఒక్క జీతం మీద ఉన్నాం. రాను అన్నాను.

ఎనిమిదో మనిషి సంగతి టెస్టరమ్మ సరదాకి అని ఉంటుంది. ఆవిడకి నోటి దురుసు. దగ్గర చేరకు.

అక్క


బ్రాంచి ఆఫీసు
జనవరి 12

అక్కకి,

టెస్టరమ్మ దగ్గర చేరకు అన్నావు. ఆవిడది నా పక్క కుర్చీ, ఎంత దూరం వెళ్ళను?

నిన్న టీ తాగుతుంటే నేనే అడిగాను. "ఆ ఎనిమిదో మనిషి ఏంటో చెప్పండి. నాకు తెలియకుండా నా గురించి ఒక మాట ఉండటం నచ్చడం లేదు."

"మీ అక్క చెప్పలేదా?"

"సరదాకి అన్నారని రాసింది."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఈ కంపెనీలో మేనేజరు అనిపించుకోవాలంటే కింద ఎనిమిది మంది ఉండాలమ్మా. ప్రతి సెప్టెంబరు ముప్పైకీ లెక్క తీస్తారు. ఏడుకి పడిందా, మేనేజరు కుర్చీ లేదు, జీతమూ లేదు. మేలో మన టీములో ఒకాయన మానేశాడు. ఏడుగురం మిగిలాం. మా మీద మీ అక్క లేకపోతే వచ్చేవాడు ఎలాంటివాడో అని మేమూ హడలిపోయాం. అప్పుడు నువ్వొచ్చావు."

"అంటే నాకు పని లేదా ఇక్కడ?"

"రిపోర్టులు నేనే నింపేదాన్నిగా అంతకుముందు. అరగంట పని."

సాయంత్రం ప్రెస్సు వీధిలోంచి నడిచి వచ్చాను. మేడమీద కిటికీలో మాస్టారు కనిపించారు. నా బల్ల ముందు, చూపుడువేలు వాక్యాల కింద నడుపుకుంటూ చదువుతున్నారు. మంచి పద్ధతే. నేనూ అలాగే చదివేదాన్ని.

జూన్‌లో నేను ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. జూలైలో నువ్వు మెట్ల గురించి రాశావు, జీతం గురించి రాశావు. ఎనిమిది గురించి రాయలేదు. ఎందుకో అడగడానికే ఈ ఉత్తరం. ఇంకేం లేదు.

దీర్ఘం


ఇల్లు
ఫిబ్రవరి 15

దీర్ఘానికి,

ఈసారి ఇంటి నుంచి రాస్తున్నాను. మీ బావ పక్క గదిలో లాప్‌టాప్ ముందు ఉన్నారు.

ఎనిమిది నిజం. దాచాను. కానీ నేను నీకు చెప్పలేదనకు. నా జూలై ఉత్తరం తీసి చూడు. "ఈ ఉద్యోగంలో నీకు మంచి భవిష్యత్తు ఉంటుంది" అన్న చోట నేను ఫుల్‌స్టాప్ పెట్టలేదు.

హాస్టల్ మర్చిపోయావా? ఉత్తరాలు పోస్టు చేసేముందు సిస్టర్ చదివేవారు. తిండి బాగాలేదని రాస్తే చింపి మళ్ళీ రాయించేవారు. నువ్వు నాలుగో తరగతిలో చేరిన వారం, ఉత్తరం రాయనని ఏడుస్తుంటే నేనే నేర్పాను. అబద్ధం రాయాల్సి వస్తే ఆ వాక్యానికి చుక్క పెట్టకు, ఆ గుర్తు సెలవుల్లోనే ఇంట్లో వాళ్ళకి చెప్పి ఉంచాను, కనిపెడతారని. "ఇక్కడ నాకు చాలా బాగుంది" అని రాసి చుక్క లేకుండా వదిలేశావు. మరుసటి ఆదివారం పిన్ని పరిగెత్తుకుని వచ్చింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ అలాగే రాశాం మనం. జూలైలో నేను కావాలనే ఆ చుక్క వదిలేశాను. నువ్వు చూస్తావనుకున్నాను. చూడకపోతే నేనేం చేయను?

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్ నుంచి ఒక మేనేజరుకి ఎనిమిది కాదు, సరిగ్గా పన్నెండు మంది. నా టీములో ఎనిమిది మంది, పక్క టీములో ఆరుగురు, కలిపితే పద్నాలుగు. ఇద్దరు ఎక్కువ. మేనేజర్లం కూడా ఇద్దరం, కావాల్సింది ఒకరు. మా ఇద్దరినీ తలా ఒక పేరు ఇవ్వమన్నారు. ఏడాది నిండని వాళ్ళని తీసేస్తే కంపెనీ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు. నా టీములో ఏడాది నిండనిదానివి నువ్వొక్కదానివే. నేను పేరు రాయకపోయినా వాళ్ళే రాసేవాళ్ళు. మార్చి పంతొమ్మిది నీకు ఆఖరి రోజు. టెస్టరమ్మకి ముగ్గురు పిల్లలు, నీకు నాన్న ఉన్నారు.

ఇంకొకటి అడగాలి. అడిగే మొహం లేదు, అయినా అడుగుతాను. మార్చి నెల రిపోర్టు నేరుగా పైకి వెళుతుంది, మధ్యలో నేను చూడటానికి లేదు. ఆ రంగులు చూసి మా ఇద్దరిలో ఎవరిని ఉంచాలో తేలుస్తారు. మన ప్రాజెక్టు రిపోర్టు నింపేది నువ్వే. ఆ సీటు సంగతి ఇంకా బాగవలేదని తెలుసు. నాకున్నది ఈ ఒక్క కుర్చీ. పచ్చ పెట్టు.

అక్క


ఇల్లు, నా గది
మార్చి 20

అక్కకి,

నీ జూలై ఉత్తరం తీసి చూశాను. చుక్క ఉంది. ఎర్రగా ఉంది. నేను పెట్టిందే.

నువ్వు నేర్పిన ఆటని నేను మర్చిపోయిన మాట నిజం. అయితే అక్కా, నాకు చుక్కల మీద కన్ను పడింది ఆ ఆట వల్లే. నాలుగో తరగతి నుంచి ప్రతి వాక్యం చివరా చూడటం అలవాటైంది. ఎందుకు చూస్తున్నానో మర్చిపోయాను, చూడటం మిగిలింది. దాంతోనే ఆరేళ్ళు అన్నం తిన్నాను. నా ముందు చుక్క లేని వాక్యం పెడితే నేను చేసే పని ఒక్కటే.

చూడకపోతే నేనేం చేయను అన్నావు. నేను చూశాను. చూసి, చుక్క పెట్టేశానని జూలై పదకొండున నీకు రాశాను. ఎక్కడ పెట్టానో కూడా రాశాను. అది నువ్వు చదివావు. ఎలా తెలుసంటే, అదే ఉత్తరంలో దిద్దిన "బాధ్యత" నీ ఆగస్టు ఉత్తరంలో సరిగ్గా ఉంది. వత్తు గురించి జవాబిచ్చావు, చుక్క గురించి ఇవ్వలేదు. అప్పటికి నేనింకా ప్రెస్సులోనే ఉన్నాను. మాస్టారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఆ ఉత్తరంలోనే "వదిలెయ్యి" అన్నావు. దానికి చుక్క ఉంది. కాగితం తిరగేసి చూశాను. వెనకవైపుకి గుచ్చుకుని కనిపించేంత గట్టిగా పెట్టావు.

అందుకని నాకు తోచింది రాస్తున్నాను. జూలైలో నువ్వు నాకు చెప్పలేదు. చెప్పానని రేపు నీకు నువ్వు చెప్పుకోవడానికి ఒక చోటు అట్టేపెట్టుకున్నావు, అంతే.

ప్రెస్సుకి వెళ్ళాను. ఓనరుగారు మళ్ళీ క్యాలెండరు వైపు చూశారు. పని ఎక్కువైన నెలల్లో కబురు చేస్తానన్నారు, పేజీకి ఇంత అని. నేను దిగి వస్తుంటే మాస్టారు మెట్ల దాకా వచ్చి, "మీ పెన్నులు అమ్మా," అని నాలుగూ నా చేతిలో పెట్టారు. ఒకదాంట్లోనే సిరా ఉంది.

నాన్నకి చెప్పాను. "పెద్దమ్మ వాళ్ళమ్మాయి ఉంది కదా అక్కడ, ఒక మాట వేయమనలేకపోయావా?" అన్నారు. దానికీ జవాబు నాకు తెలుసు. చెప్పలేదు.

నిన్న ఆఖరి రోజు. బ్యాడ్జి తీసుకున్నారు, కుర్చీ ఎత్తు సరిచేసి పక్కకి జరిపారు. టెస్టరమ్మ కిందిదాకా వచ్చింది. "ఈ వారం కూడా పద్దెనిమిదో నంబరు సీటు ఇద్దరికి ఇచ్చిందమ్మా," అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ ముందు ఆపింది.

వెళ్ళేముందు నెల రిపోర్టు నింపి పైకి పంపాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాలి. ఈ ఉత్తరంలో ఇక్కడిదాకా చూసుకో, ప్రతి వాక్యానికీ చుక్క పెట్టాను.

మన ప్రాజెక్టుకి పచ్చ రంగే పెట్టాను

నాకు నీ మీద కోపం లేదు

దీర్ఘం